స్టెయిన్‌లెస్సే కదా, ఏమవుతుంది? - తెరచాప పడవల అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అమెరికాలోని అనాపొలిస్‌లో చలికాలమంతా ఒడ్డున స్టాండ్లెక్కి కూర్చున్న పడవలన్నీ ఒకేసారి నీళ్ళలోకి దిగాలాయె. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో ముప్పై అడుగుల పడవ కొన్న మనవాళ్ళూ ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే పాట: "అన్నా, రిగ్గింగ్ అంతా స్టెయిన్‌లెస్సే, తళతళా మెరుస్తోంది. చూసేదేముంది?" రిగ్గింగ్ అంటే మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, నిలబెట్టే తీగలూ వాటి బిగింపులూ.

అపోహ: మెరుస్తోందంటే బాగున్నట్టే.

వాస్తవం: మెరిసేది గాలి తగిలే భాగం. ఆ స్టీల్లోని క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడని పొర కట్టుకుంటుంది, గీత పడినా మళ్ళీ కట్టుకుంటుంది. గాలాడని సందులో ఉప్పునీళ్ళు నిలిస్తే ఆ పొర పోతుంది, మళ్ళీ రాదు. 316 రకం స్టీల్లో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి 304 రకం కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే. మా చెసపీక్ అఖాతం నీళ్ళు సముద్రమంత ఉప్పు కాకపోయినా ఈ పనికి సరిపోతాయి.

ఆ సందులెక్కడ? తీగ స్వేజ్‌లోకి, అంటే దాని చివర నొక్కి బిగించిన లోహపు గొట్టంలోకి, దూరే మూతి. తీగ బిగుతు సరిచేసే టర్న్‌బకిల్ మరలు. తీగను పడవ ఒంటికి కట్టే లోహపు పట్టీ, అంటే చైన్‌ప్లేట్, డెక్‌లోంచి దిగే చోటు. టర్న్‌బకిల్ మొత్తానికీ బిగుతుగా టేపు చుట్టేవాళ్ళు అలాంటి సందును చేతులారా కడుతున్నారు. తెరచాప చిరక్కుండా పిన్ను మొనల మీద ఒక్క చుట్టు చాలు.

నేను ఈ రిగ్గింగ్ పనిలో చేరిన రెండో ఏడు ఒక పెద్దాయన పడవ వచ్చింది. చైన్‌ప్లేట్లు అద్దాల్లా ఉన్నాయి, ప్రతి ఏటా పాలిష్ చేస్తాడట. లోపల అల్మరాలో చెక్క మాత్రం నల్లబడింది. మా బాస్ "విప్పు" అన్నాడు, పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. బోల్టులు తీసి పైకి లాగితే పైముక్క ఒక్కటే నా చేతిలోకొచ్చింది. పగులు అంచు ముప్పావు వంతు గోధుమరంగు, మిగతా పావు అప్పుడే విరిగిన తెలుపు. అన్నాళ్ళూ మాస్ట్‌ని నిలబెట్టింది ఆ పావే. పెద్దాయన డెక్ మీదే కూర్చుండిపోయాడు.

తీగను పరీక్షించాలంటే టిష్యూ మడిచి దాని పొడవునా లాగండి. పీచు చిక్కుకుందంటే అక్కడ పోగు తెగినట్టు. వట్టి చేత్తో వద్దు, నా చూపుడువేలి మచ్చ అలా వచ్చిందే. తీగలోని 19 పోగుల్లో ఒకటి తెగినా తీగ మార్చాల్సిందే. మిగతా 18 కూడా అదే వయసువి, అదే బరువు మోసినవి.

చిన్న మరక చూసి నిద్ర పట్టనివాళ్ళకు: తుడిస్తే పోయే టీ రంగు మరకకు భయపడకండి. స్వేజ్ మూతిలోంచి కారుతుంటే అర్ధరాత్రయినా ఫోన్ చేయండి.

మిగతావి గబగబా. తాడు చుట్టి లాగే వించ్‌కి గ్రీజు దట్టించకండి: గేర్లకు పల్చగా పూయండి, వెనక్కి తిరగనివ్వని చిన్న కొక్కేలు, అంటే పాల్స్‌కి, నూనె బొట్టు చాలు. గ్రీజులో పాల్ అతుక్కుంటే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. తాళ్ళకు బ్లీచ్, ప్రెషర్ వాషర్ వద్దు. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, నీడన ఆరబెట్టడం. లోపల డైనీమా అనే గట్టి పీచు ఉన్న తాడైతే పైన నూగు లేచిందని పారేయకండి, బలం లోపలుంది.

మొన్నొక కుర్రాడు, "హుస్సేన్ సాగర్‌లో లేజర్ నడిపేటప్పుడు ఇవేవీ చూళ్ళేదన్నా" అన్నాడు. లేజర్ అనే ఆ చిన్న పడవ మాస్ట్‌కి అసలు తీగలే ఉండవు నాయనా! ఆ నీళ్ళలో ఏమున్నా సముద్రపు ఉప్పు మాత్రం లేదు. నిన్న సాయంత్రం ఫోటో పంపాడు: ఎడమవైపు తీగ, స్వేజ్ మూతికి ఆనుకుని చిక్కుకున్న టిష్యూ పీలిక.