ఇంట్లో తెలుగు మానిపిస్తే ఇంగ్లీషు వస్తుందా?

పోయిన నెల సాయంత్రం బ్యాచ్ మొదలవకముందే ఒకావిడ ఏడేళ్ళ బాబుని వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, నిలబడే చెప్పుకొచ్చింది. "మేస్టారూ, రెండేళ్ళ బట్టీ ఇంట్లో తెలుగు మానిపించేసేం. ఆళ్ళ మామ్మతో కూడా మాటాడనివ్వట్లేదు. అయినా వీడికి ఇంగ్లీషు రాట్లేదు. ఇంకా ఏటి మానిపించాలో సెప్పండి."

ఒడిశాలోని పర్లాకిమిడిలో పద్దెనిమిదేళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. కాశీనగరం, గుణుపురం నుంచి వచ్చేవాళ్ళయినా, అటు పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళయినా అడిగేది ఇదే. ఏప్రిల్లో కొత్త తరగతులు మొదలయ్యే రోజుల్లో అయితే రోజుకి ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకి ఇదే జవాబు చెప్పుకోవాలి. కానీ "ఇంకా ఏటి మానిపించాలి" అన్న ఆ ఒక్క మాట ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా, టీవీలో హిందీ. ఇన్నిటి మధ్య ఇంగ్లీషుకి చోటెక్కడ? ఒకటి తగ్గిస్తే ఇంకోటి వస్తుంది.

వాస్తవం: రాదు. పిల్లల బుర్ర బియ్యం డబ్బా కాదు, ఒకటి తీస్తే గానీ ఇంకోటి పట్టదనడానికి.

ఆ బాబు దగ్గరికే వస్తాను. నా దగ్గర ఒక బొమ్మల కార్డు ఉంది, నాలుగు బొమ్మలు వరసగా. కుక్క రొట్టె ఎత్తుకుపోతుంది, ఇంటావిడ కర్ర పట్టుకుని తరుముతుంది, కుక్క చెరువు దాటుతుంటే రొట్టె నీళ్ళలో పడిపోతుంది, గట్టు మీద కూర్చుని ఏడుస్తుంది. ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమన్నాను. "డాగ్. రోటీ. టేక్" అని ఆగి అమ్మ వైపు చూశాడు. సరే నాన్నా, తెలుగులో చెప్పు అన్నాను. మళ్ళీ అమ్మ వైపే చూశాడు, తెలుగు మాటాడితే తిడుతుందేమోనని. "కుక్క... రోటీ..." అంతే. పోనీ ఒరియాలో చెప్పమన్నాను. అప్పుడు మొహం వెలిగింది. "కుకుర రుటి నేఇగలా" అని మొదలెట్టి, ఆవిడ తరమడం, రొట్టె పడిపోవడం, అంతా చేతులు ఊపుతూ చెప్పేశాడు.

ఆ పిల్లాడికి ఒరియా ఎవరూ నేర్పలేదు. ఫీజు కట్టలేదు, ఏ భాషా మానిపించలేదు. వీధిలో గోలీలాడే పిల్లలకి ఒరియా తప్ప రాదు, వాళ్ళతో ఆడాలంటే మాటాడక తప్పదు, తప్పు మాటాడితే తిట్టేవాళ్ళూ లేరు. భాష వచ్చే దారి అదే. చుట్టూ బోలెడంత వినపడాలి, అర్థమయ్యేలా వినపడాలి, బదులు చెప్పాల్సిన అవసరం ఉండాలి, తప్పు పోతే సిగ్గుపడే పని ఉండకూడదు. ఈ నాలుగూ ఇంగ్లీషుకి వాళ్ళ ఇంట్లో లేవు. తెలుగుని వెళ్ళగొట్టి ఆ చోట ఏం పెట్టారు? "కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్." రోజుకి ముప్ఫయ్యో నలభయ్యో ఆర్డర్లు. ఆ మాటలు విని ఏ పిల్లాడూ కథ చెప్పడం నేర్చుకోడు. తల్లిని నేను తప్పు పట్టను. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషంతా బిడ్డకి పోసేసింది పాపం. ఆవిడ దగ్గర తెలుగు బావి ఉంది, దాని మీదే మూత వేయించారు.

పిల్లలు కథ చెప్పడం, కారణం చెప్పడం, "అప్పుడేమో", "అందుకని", "కాకపోతే" అంటూ మాటకి మాట కలపడం ముందు తమకి బాగా వచ్చిన భాషలో నేర్చుకుంటారు. అది ఒక్కసారి వచ్చిందంటే రెండో భాషలోకి నడిచి వెళ్తుంది, మళ్ళీ మొదట్నుంచీ నేర్వక్కర్లేదు. మొదటి చదువు తల్లిభాషలోనే మేలని యునెస్కో 1953లోనే చెప్పింది. మన ఒడిశాలోనే సవర, కుయి వంటి గిరిజన భాషల పిల్లలకి ముందు వాళ్ళ భాషలో చదువు మొదలెట్టి, తరవాత ఒరియాకీ ఇంగ్లీషుకీ తీసుకెళ్ళే కార్యక్రమం ఏళ్ళ తరబడి నడుస్తోంది. సవర బిడ్డకి పనికొచ్చేది మన బిడ్డకి పనికి రాకుండా పోతుందా?

"వాటర్ తాగుతా, బొతల్ ఇయ్యి" అని మూడు భాషలు కలిపేస్తున్నాడు, బుర్ర గందరగోళమైపోయింది అని ఇంకొందరి దిగులు. గందరగోళం కాదమ్మా. మామ్మతో ఒకలాగా, ఒరియా మేడంతో ఒకలాగా మాటాడుతున్నాడా లేదా చూడండి. మాటాడుతుంటే వాడికి అన్నీ విడివిడిగానే తెలుసు, చేతికందిన మాట వాడుకుంటున్నాడంతే. రెండేళ్ళు దాటినా ఏ భాషలోనూ మాట రాకపోతే మాత్రం భాషల్ని తిట్టుకుంటూ కూర్చోకండి. చెవులు సరిగ్గా వినపడుతున్నాయో లేదో ముందు పరీక్ష చేయించండి. ఎక్కువ భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవదు. ఆలస్యమవుతుందని ఎవరో అన్న మాట నమ్మి రెండేళ్ళు వృథా చేసుకున్న ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ పాపకి ఉన్న ఇబ్బంది చెవిది.

ఈ ఊళ్ళో కూర్చుని భాషలు నేర్పేవాడు గిడుగు వెంకట రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేడు. మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. పర్లాకిమిడిలో ఇంగ్లీషు చదువుల బళ్ళో పాఠం చెప్పుకునే మేస్టారాయన. సవర నేర్చుకోవాలనుకున్నప్పుడు తెలుగు మానేయలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, తెలుగు ఆసరాతోనే నేర్చుకున్నారు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చేసే దాకా వెళ్ళారు. పరాయి భాషల్ని నోటి మాటతోనే మొదలుపెట్టి నేర్పాలని హెన్రీ స్వీట్, ఒటో యెస్పర్సన్ వంటి భాషా శాస్త్రవేత్తలు రాసింది చదివి, అదే చూపుతో తెలుగు వైపు తిరిగారు. పుస్తకాల్లోనూ జనం మాటాడే తెలుగే ఉండాలని పోరాడారు. 1936 ఏప్రిల్‌లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ బాధతో ఊరే విడిచిపెట్టి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళో, ఇంగ్లీషు కోసమని మామ్మ నోరు కట్టేస్తున్నాం.

ఆవిడకి నేను చెప్పింది రెండే పనులు. ఒకటి, మామ్మ రోజూ రాత్రి తెలుగులో ఒక కథ చెప్పాలి, మర్నాడు వాడు అది తిరిగి అప్పజెప్పాలి. రెండు, రోజుకి ఒక్క పావుగంట ఇంగ్లీషు, అది కూడా ఆర్డర్లు కాదు, బొమ్మల పుస్తకమో కార్టూనో పక్కన కూర్చుని కలిసి చూడటం. మూడు వారాలకి మళ్ళీ వచ్చారు. అదే కార్డు ఇచ్చాను. తెలుగులో ఆరేడు వాక్యాలు చెప్పాడు. "కుక్క దొంగతనం సేసింది గానీ దానికి ఆకలి కదా" అని వాడి తీర్పు కూడా చెప్పాడు. ఇంగ్లీషులో "డాగ్ హంగ్రీ. ఆంటీ యాంగ్రీ. రోటీ వాటర్ ఫాల్." నేను ఒక్క తప్పూ దిద్దలేదు. కుక్కకి ఆకలని ఇంగ్లీషులో చెప్పాలన్న ఆలోచన వాడికి తెలుగులోంచే వచ్చింది.

అపోహ: ముందు గ్రామర్ పూర్తి చెయ్యాలి, మాటలు తరవాత.

దీనికి బలైనవాణ్ణి నేనే. డిగ్రీలో ఇంగ్లీషు నాకు మంచి మార్కులు. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి నిద్రలో అయినా మార్చేవాణ్ణి. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి బయల్దేరాను. అప్పటికి మన లైను మీద ఇంకా నేరో గేజి చిన్న రైలే. నౌపడలో దిగి పెద్ద రైలు పట్టుకున్నాను. లోపలికి పిలిచి మొదటగా అడిగింది, ఎలా వచ్చావని. అంతే. ఏ టెన్సు వాడాలి, "దిగి" అనడానికి ఏమనాలి, చిన్న రైలుని ఏమంటారు అని లోపల లెక్కలు కడుతూ కూర్చున్నాను. నోరు తెరిచేసరికి ఆయన ఇంకో కాగితం చూసుకుంటున్నాడు. రెండో ప్రశ్న అడగలేదు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని, ఏం చెప్పి ఉండాల్సిందో టెక్కలి దాటేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను. అదే నా మొదటి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. గ్రామర్ అంతా నా దగ్గర ఉంది, నోటికి మాత్రం అలవాటు లేదు.

గ్రామర్ అక్కర్లేదనను. ముందు మాటాడించి, తరవాత దిద్దాలంటాను. బెంగళూరు ప్రాజెక్టు పేరుతో ఇంగ్లీషు బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా మామూలు బళ్ళలో చేసి చూపించింది ఇలాంటిదే. గ్రామర్ పాఠాల వరస పక్కన పెట్టి, మ్యాపు చూసి దారి చెప్పడం, రైళ్ళ టైం టేబుల్ చూసి ఏ రైలు అందుతుందో తేల్చడం లాంటి పనులు ఇచ్చారు. పని తెమలాలంటే భాష వాడక తప్పదు.

నా క్లాసులో గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒకటి చెబుతాను, ఇంట్లోనూ చెయ్యొచ్చు. నిన్న సంతలో ఏం జరిగిందో ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పాలి. అదే కథ ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మూడోవాళ్ళకి రెండు నిమిషాల్లో. మొదటిసారి నత్తి, మూడోసారికి మాట సాఫీగా పోతుంది. వినేవాళ్ళు మారాలి, లేకపోతే చెప్పేవాళ్ళకి విసుగు. పుస్తకం చూడకూడదు.

తెలుగు వాక్యాన్ని మాటకి మాట మార్చడం ఇంకో తిప్పలు. "నాకు జ్వరం వచ్చింది", "నాకు ఆకలేస్తోంది", "నాకు ఇద్దరు అన్నలు" అన్నిట్లో మనకి "నాకు" ముందు వస్తుంది. ఇంగ్లీషులో ఇవన్నీ "ఐ"తో మొదలవుతాయి. "మీ నాన్నకి నువ్వు ఎన్నో కొడుకువి?" అన్న ప్రశ్నకి ఇంగ్లీషులో సరితూగే మాటే లేదు, చుట్టు తిరిగి అడగాలి. అందుకే విడి మాటలు కాకుండా అతుకు ముక్కలు నేర్పుతాను. "ఐ హావ్ ఎ ఫీవర్", "కెన్ యు సే దట్ అగైన్", "లెట్ మీ థింక్". మన సంతల్లో కిరాణా కొట్టువాళ్ళని చూడండి. సవరవాళ్ళతో సవరలో బేరమాడతారు. వాళ్ళెవరూ సవర వ్యాకరణం చదవలేదు. బేరానికి కావలసిన ముక్కలు పట్టుకున్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పెద్ద పెద్ద మాటలు బట్టీ పడితే ఇంగ్లీషు వస్తుందనుకోవడం. మైకేల్ వెస్ట్ అని ఢాకాలో విద్యాశాఖలో పనిచేసిన ఇంగ్లీషాయన 1953లో ఎక్కువ వాడకంలో ఉన్న మాటల జాబితా ఒకటి అచ్చేశాడు. అందులో దాదాపు రెండు వేల మాటలే. రోజువారీ సంభాషణలో చాలా భాగం అలాంటి మాటలతోనే నడుస్తుంది. వాటినే మళ్ళీ మళ్ళీ వాడండి.

ముప్ఫయి రోజుల్లో ఇంగ్లీషు. రాదు. ముప్ఫయి రోజుల్లో భయం తగ్గొచ్చు, అదీ రోజూ నోరు తెరిస్తేనే. నెల కోర్సుకి అప్పు చేసి డబ్బు కట్టేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ముందు డెమో క్లాసు చూడండి. గంటలో మేస్టారు మాటాడింది ఎంత, మీరు మాటాడింది ఎంత, అంతే లెక్క.

యాస. ఇది మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. మన యాసకి మార్కులు తగ్గిస్తారని విదేశీ ఉద్యోగానికి వెళ్ళే నర్సు పిల్లలు వణికిపోతుంటారు. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ భాగం 11 నుంచి 14 నిమిషాలు. చూసేవి నాలుగు: ఆగకుండా పొంతనగా చెప్పడం, మాటల సంపద, గ్రామర్, ఉచ్చారణ. ఉచ్చారణ అంటే ఎదుటివాడికి తేలిగ్గా అర్థం కావడం. బ్రిటిష్ యాస కావాలని ఎక్కడా లేదు. మనం దృష్టి పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది, ఒరియా మాట కూడా చాలా చోట్ల అంతే, అందుకే "బస్సు", "బుక్కు" అని చివర ఒక అచ్చు తగిలిస్తాం. అది వదలాలి. మాటలో ఏ ముక్కని నొక్కి పలకాలో తెలియాలి. "హోటల్"లో బరువు రెండో ముక్క మీద, "డెవలప్"లో "వె" మీద. అది తప్పితే ఎదుటివాడు మాట పట్టుకోలేడు.

కిందటేడు గుణుపురం వైపు నుంచి ఒక నర్సు అమ్మాయి రోజూ రైల్లో వచ్చేది. పేషంటుకి మందు ఎప్పుడు వేసుకోవాలో ఇంగ్లీషులో చెప్పమంటే, అమెరికన్ సినిమాలో లాగా గొంతు మార్చి చెప్పింది, నాకే సగం అర్థం కాలేదు. నీ గొంతుతో చెప్పమ్మా అన్నాను. "ఆఫ్టర్ ఫుడ్, టూ టైమ్స్, మార్నింగ్ అండ్ నైట్" అంది నెమ్మదిగా, స్పష్టంగా. ఆ రోజు క్లాసంతా అలాగే చెప్పించాను.