తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు ఇళ్లలో పిల్లల ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో నానుతాడు కుదువకు వెళ్లడం కొత్త కాదు. ఒకప్పుడు సావుకారు కొట్టుకు వెళ్లేది, ఇప్పుడు ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్తోంది. గీటురాయికి రుద్ది, తూకం వేసి, మన కళ్లముందే కవర్లో పెట్టి సీలు వేస్తారు. ఇక మన చేతిలో మిగిలేది ఒక రసీదు. లోపల పనిచేసేవాడే ఆ సీలు విప్పి దొరికిపోయినప్పుడు, కోర్టు శిక్ష వేశాక మనవాళ్లు రెండు మాటలు అడుగుతారు. ఇంతేనా శిక్ష? మా బంగారం ఏది?

మొదటిదానికి జవాబు 1860 నాటి శిక్షాస్మృతిలో ఉంది. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడూ, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిశాకా ఇక్కడ నడిచింది అదే. తేడా అంతా తాళంచెవి దగ్గరే ఉంది. లాకరు బాధ్యత అప్పగించిన మేనేజరే నగలు తీసుకెళ్లి ఇంకోచోట తాకట్టు పెడితే అది నమ్మకద్రోహం, 408వ సెక్షన్. ఆ బాధ్యత లేని ఉద్యోగి ఎవరూ చూడకుండా కవరు జేబులో వేసుకుంటే దొంగతనం, 381. మామూలు దొంగతనానికి 3 ఏళ్లే గరిష్ఠం. ఈ రెండింటికీ 7 ఏళ్లు. అన్నం పెట్టిన చోటే ద్రోహం చేశాడని పెంచిన శిక్ష ఇది. 2024 జూలై 1న ఆ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ల నంబర్లు 316, 306 అయ్యాయి, ఆ 7 ఏళ్లు మారలేదు. అంతకుముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే.

మరి 7 ఏళ్లు ఎందుకు పడదు? ఈ కేసులు ఎక్కువగా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందుకు వస్తాయి. ఒక నేరానికి 3 ఏళ్లకు మించి జైలు వేసే అధికారం ఆ కోర్టుకు లేదు. ఎక్కువ కావాలంటే కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. కోపం రావడం న్యాయమే, కానీ ప్రతిసారీ జడ్జిని తప్పుపట్టలేం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండో ప్రశ్న. కేసు పెట్టేది మామూలుగా కంపెనీ. నగ సొంతదారు సాక్షిగా మిగిలిపోతుంది. పోలీసు కాగితాలు ఒడియాలో, లోను కాగితాలు ఇంగ్లీషులో ఉంటే, తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దావిడ ఎవరి గుమ్మం ఎక్కాలి? దొరికిన నగల్ని స్టేషన్లో ఏళ్లతరబడి ఉంచొద్దని, పంచనామా రాసి, ఫొటోలు తీసి, బాండు తీసుకుని హక్కున్నవారికి ఇచ్చేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దానికి కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి. దొరకని నగలకు 1872 కాంట్రాక్టు చట్టం ఉంది. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొత్తును చూసుకున్నంత జాగ్రత్తగా కుదువ పట్టినవాడు మన సొత్తును చూడాలి. దొంగ జైలుకెళ్లాడు కదా అని కంపెనీ చేతులు దులుపుకుంటే కుదరదు.

ఎటు వెళ్లినా అడిగేది ఆ రసీదే. మా ఇంటి నానుతాడుకు కొక్కెం దగ్గర చిన్న అతుకు ఉంది. బరువుతో పాటు ఆ అతుకు సంగతి కూడా రాస్తేనే గానీ సీలు వేయనివ్వనని మా అమ్మ కౌంటరు దగ్గర పట్టుబట్టింది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నా ఆవిడ కదల్లేదు.