డాక్టరు మీద కేసు: మూడు దశాబ్దాల నేపథ్యం

విశాఖ రామ్‌నగర్‌లోనో, ఆరిలోవ హెల్త్ సిటీలోనో ఆపరేషన్ వికటిస్తే బంధువులు ఇప్పుడు "కన్స్యూమర్ కోర్టుకు వెళ్తాం" అంటారు. ఆ దారి తెరిచింది 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన వి.పి.శాంతా తీర్పు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అది తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిని మాత్రం మినహాయించింది. అక్కడ నష్టపోయిన పేదవాడు సివిల్ కోర్టుకే వెళ్లాలి. ఇది నాకు సబబుగా తోచదు.

పరిహారాలు క్రమంగా పెరిగాయి. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత కాళ్లు పడిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థికి 2009లో కోటి రూపాయలు. 2013లో కోల్‌కతా కేసులో దాదాపు 6 కోట్లు. ఈ దెబ్బకు కాపుగా డాక్టర్లు ఇండెమ్నిటీ పాలసీలు (పరిహారం భారాన్ని భరించే బీమా) తీసుకుంటారు. ప్రసూతి, సర్జరీ, మత్తు వైద్యం లాంటి రిస్క్ ఎక్కువున్న విభాగాల వారికి ప్రీమియమూ ఎక్కువే.

అయితే పాలసీ తీర్చలేని నష్టం వేరే ఉంది. నిమ్స్ కేసు తేలడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి. మామూలు కేసైతే జిల్లా వినియోగదారుల కమిషన్, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్, సుప్రీంకోర్టు... అన్నేళ్లూ వాయిదాల రోజు ఓపీ ఆగిపోతుంది. పేపర్లో పేరు పడితే పేషెంట్లు తగ్గుతారు. మెడికల్ కౌన్సిల్ తప్పు తేలిస్తే రిజిస్ట్రేషనే సస్పెండ్ కావచ్చు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక పేషెంటు తానుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. శ్రీకాకుళం నుంచో కోరాపుట్ నుంచో వచ్చినవారికి ఇది న్యాయమే, కానీ విశాఖ డాక్టరు అక్కడిదాకా తిరగాలి.

క్రిమినల్ కేసు టెన్షన్ ఇంకో ఎత్తు. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు డాక్టర్లకు ఊపిరినిచ్చింది: తీవ్రమైన నిర్లక్ష్యమైతేనే నేరం, ముందు నిపుణుడైన వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి, మామూలుగా అరెస్టు చేయకూడదు. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల చావు సంభవిస్తే మామూలుగా 5 ఏళ్ల దాకా శిక్ష పెట్టి, రిజిస్టర్డ్ డాక్టర్లకు 2 ఏళ్లకు పరిమితం చేసింది.

భయం పెరిగిన కొద్దీ అవసరం లేని స్కానింగులు, ముందుజాగ్రత్త రిఫరల్స్ పెరుగుతాయి. ఆ బిల్లు కట్టేది పేషెంటే. ఇరుపక్షాలనూ నిజంగా కాపాడగలిగింది కేసు షీటు, అంటే ఆసుపత్రిలో పేషెంటు చికిత్స వివరాలు రాసే రికార్డు. బీపీ ఎన్ని గంటలకు పడిపోయింది, పెద్ద డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేశారు, సమ్మతి పత్రం మీద ఎవరు సంతకం చేశారు అన్నవి అందులో ఉంటే వాదన సగం తేలిపోతుంది. అడిగిన 72 గంటల్లోగా ఆ రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలే చెబుతున్నాయి.