అందరూ మెచ్చిన నవల మీకు నచ్చలేదా? అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగోసారి. ఈమధ్య బాగా పేరొచ్చిన ఆ టైమ్ ట్రావెల్ (కాలంలో ముందుకూ వెనక్కూ వెళ్లే) నవలను పాఠకులు కౌంటర్ మీద పెట్టి, "నాకే సమజ్ కాలేదేమో సార్" అంటారు. నల్లగొండలో 16 ఏళ్లుగా లైబ్రేరియన్‌ని. పుస్తకం నచ్చలేదని చెప్పడానికి ఇంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

అపోహ: అందరికీ నచ్చింది కాబట్టి లోపం నాదే.

వాస్తవం: కాదు. మంచి పాఠకులు చదవడం మానేసేది ఎక్కువగా ఈ ఒక్క అపోహ వల్లే. మొన్న దేవరకొండ నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి ఆ పుస్తకం వాపస్ ఇచ్చింది. 190వ పేజీలో ఆమె బస్ టికెట్ అలాగే ఉంది. "ఇంకోటి తీసుకోవా అమ్మా?" అంటే, "నవలలు నాకు అర్థం కావు సార్" అని వెళ్లిపోయింది. మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి నేనే చదివాను. ఇలాంటి కథకు పక్కన తెల్లకాగితం పెట్టుకుంటాను. ఒక వరుసలో క్యాలెండర్ సంవత్సరాలు, రెండో వరుసలో కాలంలో ప్రయాణించే మనిషికి ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్నది. మీరూ రాసి చూడండి, సగం తికమక పోతుంది. ఇందులో మాత్రం రెండు వరుసలూ పొసగలేదు. జరిగిపోయినదాన్ని మార్చలేమని మొదట్లోనే చెప్పిన రచయిత, తర్వాత కథలో తండ్రి చావునే తప్పించేశాడు. ఎలాగో ఒక్క వాక్యం లేదు. అది ఏ పేజీలోనో తెలుసా? 190లో.

మొదలుపెడితే పూర్తి చేయాల్సిందే అనేది ఇంకో అపోహ. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయ సూత్రంగా రాశారు. నచ్చకపోతే తెచ్చివ్వండి, అంతే.

సైన్స్ రావాలా? అక్కర్లేదు. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన టైమ్ ట్రావెల్ నవల 'టైమ్ మెషీన్' 1895లో వచ్చింది, కాలం గురించి చెప్పిన ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆ తర్వాత 1905లో. కథ తన నియమానికి తాను కట్టుబడితే చాలు.

ఇక "సినిమా తీస్తున్నారట, అందుకే గొప్పది" అనే వాట్సాప్ కబుర్లు దయచేసి నా దగ్గరకు తేవద్దు.

శనివారం ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. కాగితం ముందు పెట్టాను. చాలాసేపు చూసి, పెన్ను అడిగి, నేను గమనించని ఇంకో తప్పును 140వ పేజీ పక్కన రాసింది.