పక్కింటి గుర్రాలు మన చేలో పడితే: అపోహలు, వాస్తవాలు

ఆషాఢం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "డాక్టరు గారూ, పక్కవాళ్ల గుర్రాలు మళ్లీ మా మొక్కజొన్నలో పడ్డాయండీ, ఏం చేయమంటారు?" గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా పశువైద్యం చేస్తున్నాను. ఒకప్పుడు ఇక్కడ గుర్రమంటే జట్కా గుర్రం. ఇప్పుడు పెళ్లి ఊరేగింపు గుర్రం, బగ్గీ గుర్రం. ముహూర్తాలు ఉన్నన్నాళ్లు దానికి దాణా, మాలిష్, మెరిసే జీను అన్నీ ఉంటాయి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మధ్యలో మూఢం వస్తే అప్పుడూ పైసా రాబడి ఉండదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఆ ఖర్చు మోయలేక, సాయంత్రం పలుపు విప్పి ఖాళీ వెంచర్లలోకి వదిలేస్తారు. తెల్లారేసరికి అవి ఎవరి చేలోనో ఉంటాయి.

పంట పోయిన రైతు కోపం న్యాయమైనదే. గుర్రం పై పళ్లతో, కింది పళ్లతో కలిపి పైరును నేల బారుగా కొరికేస్తుంది. తొక్కిడి నష్టం దానికి అదనం. కానీ కోపం యజమాని మీద ఉంటే దెబ్బ గుర్రం మీద పడుతోంది. గొడ్డలి గాట్లకు కుట్లు వేసి వేసి ఇది రాస్తున్నాను.

అపోహ: గడ్డి ఉన్నచోట వదిలితే గుర్రం తన బతుకు తాను బతుకుతుంది.

యజమానులు నాతో ఎక్కువగా చెప్పే మాట ఇదే. గుర్రం ఆవులా నెమరు వేయదు. దాని పొట్ట ఒంటికి తగ్గంత పెద్దది కాదు, కాబట్టి ఒకేసారి మేసి పడుకోలేదు. రోజులో పద్నాలుగు, పదహారు గంటలు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండాలి. పొట్టలో ఆమ్లం ఆగకుండా ఊరుతుంది, తిండి లేని గంటలు పెరిగితే పుండ్లు పడతాయి. మూడు వందల కిలోల గుర్రానికి రోజుకు ఐదారు కిలోల ఎండు మేత కావాలి. నీళ్లు మామూలు రోజుల్లో ఇరవై లీటర్ల దాకా, మన రోహిణి కార్తె ఎండల్లో నలభై దాకా కావాలి. వెంచర్లో నాలుగు గరికపోచలు దొరకొచ్చు. అన్ని నీళ్లు ఎక్కడ దొరుకుతాయి?

దొరికేవాటిలో విషం కూడా ఉంటుంది. హైవే డివైడర్ల మీద, వెంచర్ల గేట్ల దగ్గర అందానికి పెంచే గన్నేరు గుర్రానికి ప్రాణాంతకం. కత్తిరించి పడేసిన ఆకులు ఎండిపోయినా వాటి విషం పోదు. ఆముదపు గింజలూ అంతే. లేత జొన్న పైరు సంగతి మన రైతులకు నేను చెప్పక్కర్లేదు.

దూరం పోకూడదని కొందరు ముందరి కాళ్లు రెండూ కలిపి కట్టి వదులుతారు. ముందరి కాళ్లకు బంధం అని మనం మాటవరసకు అంటాం. దాన్ని నిజంగా వేస్తే ఏమవుతుందో చూడాలంటే నా దగ్గరకు వచ్చే గుర్రాల కాళ్లు చూడండి. తాడు ఒరుసుకుని, పుండు పడి, పురుగులు పట్టి ఉంటాయి. ఆ కాళ్లతో అది కుక్కల నుంచి పారిపోలేదు, రాత్రి లారీ వస్తే రోడ్డు దాటలేదు.

అపోహ: ముసలిదైంది, అందుకే బక్కచిక్కింది.

వయసు ఒక్కటే గుర్రాన్ని ఎముకల గూడు చేయదు. చాలాసార్లు కారణం నోట్లో ఉంటుంది. గుర్రం పళ్లు జీవితాంతం కొంచెం కొంచెం బయటికి వస్తూనే ఉంటాయి. దవడ పళ్లు సమంగా అరగకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. మేత నమల్లేక ఉండలు ఉండలుగా నోట్లోంచి కింద పడేస్తుంది. లద్దెలో నలగని గింజలు కనిపిస్తాయి. పనికిరాని పనిని గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అంటాం కానీ, ముసలి గుర్రానికి పళ్లు ఆకురాయితో రాయించడం చాలా పనికొచ్చే పని. పళ్లు బాగుంటే తర్వాత చూడాల్సింది నులిపురుగులు, ఆ తర్వాత జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బు.

ఎంత చిక్కిందో చెప్పడానికి ఒక కొలత ఉంది. డాన్ హెన్నెకె అనే ఆయన 1983లో అమెరికాలోని టెక్సస్‌లో రూపొందించిన ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉండే స్కోరు అది. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, వెన్ను, తోక మొదలు చూసి, తడిమి అంకె వేస్తాం. ఐదు ఉంటే మంచిది. రెండు, ఒకటి అంటే ఆకలితో చావుకు దగ్గరైందని. ఫిర్యాదులో "గుర్రం బాగా సన్నగా ఉంది" అని రాయడం కంటే డాక్టరు చేత ఈ అంకె రాయించి పెట్టడం మేలు.

అపోహ: ఆకలితో ఉంది పాపం, కడుపునిండా ఉలవ గుగ్గిళ్లు పెడదాం.

నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది, ఎందుకంటే దీని వెనక ఉన్నది దయ. కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో, నెల రోజులుగా తిండి లేక తిరుగుతున్న తెల్ల గుర్రాన్ని చూసి ఒక పెద్దావిడ కరిగిపోయింది. గంపెడు గుగ్గిళ్లు, ఇంట్లో శుభకార్యంలో మిగిలిన అన్నం కలిపి పెట్టింది. అర్ధరాత్రికి గుర్రం పడి దొర్లడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున నేను వెళ్లేసరికి డొక్కలు తన్నుకుంటోంది, ఒళ్లంతా చెమట. బతికించలేకపోయాను. "నేనే చంపేశానా నాయనా?" అని ఆమె అడిగింది. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకు పోవాల్సిందే. అలవాటు లేని గింజ ఒక్కసారిగా పడితే పేగుల్లో పులిసి కడుపుశూల వస్తుంది, గిట్టల లోపలి పొర వాచి నడవలేకుండా అవుతుంది. చాలాకాలం పస్తున్న గుర్రానికి ఇంకో ప్రమాదం ఉంది. పిండిపదార్థం ఎక్కువగా లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో అప్పటికే అరకొరగా ఉన్న ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరి దెబ్బతింటాయి. అందుకే కొన్ని గుర్రాలు తిండి దొరికిన మూడో రోజో ఐదో రోజో చనిపోతాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పస్తున్న గుర్రాల మీద పరిశోధన చేసి చెప్పిన పద్ధతినే నేనూ పాటిస్తాను. ఎండబెట్టిన లూసర్న్ గడ్డి, మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలో లోపు. అది అక్కడి పెద్ద గుర్రాల లెక్క, మన చిన్న గుర్రాలకు ఇంకా తగ్గించాలి. తర్వాత మెల్లగా పెంచాలి. లూసర్న్ దొరకకపోతే బూజు లేని మంచి ఎండుగడ్డితో మొదలుపెట్టండి. గింజలు, తవుడు, బెల్లం, అన్నం, రొట్టె మొదటి రోజుల్లో వద్దు. శుభ్రమైన నీళ్లు మాత్రం వెంటనే అందుబాటులో పెట్టండి. పక్కింటివాళ్లతో ఎంత గొడవ ఉన్నా, గోడ అవతల ఒక తొట్టెడు నీళ్లు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నా అభిప్రాయం.

అపోహ: గుర్రం 'పశువు' కిందికి రాదు. మన చేలో పడితే నష్టం డబ్బు ఇచ్చేదాకా మనమే కట్టేసుకోవచ్చు.

ఇందులో రెండు తప్పులున్నాయి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో పశువులు అన్న మాటకు ఇచ్చిన అర్థంలో గుర్రాలు, పిల్ల గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు, ఒంటెలు, చివరికి ఏనుగులు కూడా ఉన్నాయి. చేలో పడి నష్టం చేస్తున్న పశువును పట్టుకునే హక్కు సాగుచేసే రైతుకు ఉంది. కానీ ఇరవై నాలుగు గంటల్లోగా బందెలదొడ్డికి పంపాలి. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. పట్టుకున్నప్పుడు అడ్డుపడినా, బలవంతంగా విడిపించుకుపోయినా అది నేరం. పంట నష్టానికి సివిల్ కోర్టులో వేరుగా దావా వేసుకునే హక్కును కూడా అదే చట్టం కాపాడింది. ఇంట్లో కట్టేసి బేరం ఆడటం మాత్రం చట్టంలో లేదు. ఆ నాలుగు రోజుల్లో గుర్రానికి ఏమైనా అయితే నింద మీ మీదే పడుతుంది.

మా ఊళ్లో బందెలదొడ్డి ఎప్పుడో పడిపోయిందండీ అంటారు. నిజమే, చాలా ఊళ్లలో గోడలే మిగిలాయి. అయినా పంచాయతీ కార్యదర్శికి కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. పోలీస్ స్టేషన్‌లో కూడా ఒకటి ఇవ్వండి. తేదీ పడేలా ఫోన్లో ఫొటోలు తీయండి: గుర్రం చేలో ఉన్నది, పైరు పోయినది, గుర్రం ఒంటి తీరు, కాళ్లకు తాళ్లు. నోటి మాట మీద నడిచిన తగాదాల్లో రైతు నెగ్గడం నేను పెద్దగా చూడలేదు.

విషం పెట్టడం, కాలు నరకడం గురించి ఒక్క మాట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద పశువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. పంట పోయి నష్టపడిన రైతు ఆ కేసులో ముద్దాయిగా నిలబడాల్సి వస్తే అంతకంటే అన్యాయం ఉండదు.

అపోహ: జంతు హింస కేసు పెట్టినా యాభై రూపాయల జరిమానాతో పోతుంది, దండగ.

జరిమానా విషయం నిజం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు పదినుంచి యాభై రూపాయలే. ఇన్నేళ్లయినా దాన్ని మార్చకపోవడం మనకు సిగ్గుచేటు. కానీ కేసు ఫలితం జరిమానా ఒక్కటే కాదు. తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, పస్తులతో బాధపడేలా వదిలేయడం 11వ సెక్షన్ కింద నేరాలు. 35వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆ జంతువును చికిత్స కేంద్రానికి పంపమని ఆదేశించవచ్చు. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం కేసు నడిచే కాలంలో సాకే ఖర్చు యజమాని భరించాలి. రోజుకింత చొప్పున ఆ లెక్క పెరిగేసరికి, యాభై రూపాయలకు నవ్విన మనిషి కూడా కూర్చుని మాట్లాడతాడు.

అయితే నేను మొదట కేసు దగ్గరికి వెళ్లను. యజమానిని కలిసి, ముహూర్తాలు లేని నెలలకు జొన్న చొప్ప ముందే కొని పెట్టుకోమంటాను. అంత స్తోమత లేకపోతే ఒక గుర్రాన్ని అమ్మమంటాను. చాలామంది చెడ్డవాళ్లు కాదు, చేతిలో డబ్బు లేనివాళ్లు. రెండుసార్లు చెప్పినా వినకపోతే అప్పుడు కాగితం.

అపోహ: ముళ్ల తీగ చుడితే, లేదా కరెంటు పెడితే సరిపోతుంది.

గుర్రం బెదిరితే ముందూ వెనకా చూడదు. ముళ్ల తీగలో చిక్కుకుంటే ఆగకుండా లాగి కండ చీల్చుకుంటుంది. ధనుర్వాతం అతి సులువుగా సోకే జంతువుల్లో గుర్రం ఒకటి. ఇక స్తంభం నుంచి నేరుగా కంచెకు కరెంటు లాగడం అంటే ఊళ్లో పిల్లలకు ఉరి వేలాడదీయడమే. ఆగి ఆగి చిన్న షాక్ ఇచ్చే సోలార్ ఫెన్సింగ్ వేరు, అది పనిచేస్తుంది. తీగకు తెల్ల గుడ్డ పీలికలు కట్టండి, కంచె ఉందని గుర్రానికి రాత్రి కూడా కనిపించాలి.

అపోహ: ముక్కు కారుతోందా, జలుబు చేసి ఉంటుంది.

కావచ్చు. కానీ చిక్కటి, జిగట చీమిడి కారుతూ, కాళ్ల మీదో ఒంటి మీదో గడ్డలు లేచి పగులుతుంటే గ్లాండర్స్ అని అనుమానించాలి. మనుషులకూ అంటుతుంది. దీన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలని 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం చెబుతోంది. రక్త నమూనాను హర్యానాలోని హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపిస్తారు. అలాంటి గుర్రాన్ని ముట్టుకోకండి, మీ పశువుల నీళ్ల తొట్టి దగ్గరికి రానివ్వకండి.

అపోహ: గుర్రం నిలబడి ఉంటే బాగున్నట్టు, పడుకుంటే చచ్చిపోతున్నట్టు.

గుర్రం నిలబడి కునుకు తీయగలదు, గాఢనిద్రకు కాసేపు పడుకుంటుంది కూడా. పడుకోవడం చూసి టెన్షన్ పడక్కర్లేదు. లేస్తూ పడుతూ దొర్లడం, డొక్క వైపు పదేపదే చూడటం, లద్దె వేయకపోవడం ప్రమాదం. దగ్గరికి వెళ్లాలంటే వెనక నుంచి వెళ్లకండి. మాట్లాడుతూ, అది చూస్తుండగా ఎడమ భుజం వైపు నుంచి వెళ్లండి.

ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చేసేటప్పుడు ఈ నాలుగూ చూసి చెప్పండి: చివరిసారి లద్దె ఎప్పుడు వేసింది, నీళ్లు తాగుతోందా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, మీరుగానీ ఇంకెవరైనాగానీ దానికి ఏం పెట్టారు. చివరిది దాచకండి. గుగ్గిళ్లు పెట్టామని ముందే తెలిస్తే, దానికి కావాల్సిన గొట్టం, మందులు సర్దుకుని వస్తాం.