మాట్లాడని క్లాసు ఎక్కడి నుంచి వచ్చింది?

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లిన మన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో రెండు విషయాల దగ్గర టెన్షన్ పట్టుకుంటుంది. చాలా కోర్సుల్లో క్లాసులో మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి. నోరు మెదపని వాడిని చదివి రాలేదేమో అనుకుంటారు. ఇక స్నేహితుడి అసైన్‌మెంట్ చూసి రాస్తే అక్కడ అది పెద్ద తప్పు. "మనం గురువుకు ఎదురు చెప్పం, మన సంస్కృతే అంత" అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. గురువంటే భయభక్తులు మనకు పాతవే. కానీ క్లాసంతా నోరు మూసుకుని కూర్చోవడం పాతది కాదు. 200 ఏళ్ల కిందటి మన వీధిబడి గోలగోలగా ఉండేది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో ఎన్ని బళ్లున్నాయో, ఎవరెవరు చదువుతున్నారో రాసి పంపమని కలెక్టర్లను అడిగాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక చదువుతుంటే ఆనాటి బడి కళ్లకు కడుతుంది. అప్పటి బళ్లారిలో ఇప్పటి అనంతపురం సీమ కూడా కలిసే ఉండేది. మొత్తం 533 బళ్లు, అందులో తెలుగువి 226.

తెల్లవారగానే అందరికంటే ముందు బడికొచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు 'సరస్వతి' అని రాసేవాడు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి చేతి మీద మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. అక్షరాలు ముందు ఇసుకలో వేలితో దిద్దాలి. చెయ్యి తిరిగాకే తాటాకూ గంటమూ. పిల్లలు సాధారణంగా నాలుగు తరగతులుగా కూర్చునేవాళ్లు. చిన్నవాళ్లకు పెద్ద పిల్లలే చెప్పేవాళ్లు. అలా చెబుతుంటే తమ చదువు కూడా గట్టిపడుతుందని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. పక్కవాడి నుంచి నేర్చుకోవడం అక్కడ తప్పు కాదు, బడి నడిచే పద్ధతే అది.

ఈ పద్ధతి ఓడెక్కి వెళ్లింది కూడా. మద్రాసు అనాథ శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇసుకలో రాసుకుంటున్న స్థానిక పిల్లలను చూసి తన బడిలోనూ అదే పెట్టాడు. పిల్లల చేతే పిల్లలకు చదువు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండ్‌లో బీద పిల్లల బళ్లలో 'మద్రాసు పద్ధతి' పేరుతో అది పాకింది.

అలాగని వీధిబడిని నెత్తిన పెట్టుకోలేం. అర్థం చెప్పకుండా పద్యాలు వల్లె వేయిస్తున్నారని, పిల్లలు చిలకల్లా అప్పజెబుతున్నారని క్యాంప్‌బెలే రాశాడు. రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీసే శిక్ష ఉండేది. మన పెద్దలు కోదండం అనేది దాన్నే. పైగా 9 లక్షలు దాటిన బళ్లారి జిల్లా జనాభాలో బడికి వెళ్లేవాళ్లు 6,641 మంది. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది.

మరి ఆ గోల ఎక్కడ ఆగింది? నాకు కనిపించే మలుపు 1860లు. పిల్లలు పరీక్ష ఎలా రాస్తే ఆ లెక్కన బడికి డబ్బిచ్చే పద్ధతి 1862లో ఇంగ్లండ్‌లో వచ్చింది. ఆ దశాబ్దంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పెట్టారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక్కొక్కరినీ పరీక్షిస్తాడు, పాసైనవాళ్లను బట్టి గ్రాంటు వస్తుంది. పంతులు జీతం దాని మీద ఆధారపడ్డాక, పాఠంలో లేని ప్రశ్న అడిగే పిల్లవాడికి సమయం ఎక్కడిది? పెద్దవాడు చిన్నవాడికి చెప్పడానికీ చోటు తగ్గింది. పరీక్షలో ఎవరి మార్కు వాళ్లదే. దానికి తోడు ఇంగ్లీషు చదువు. ఇంట్లో మాట్లాడని భాషలో సందేహం అడగాలంటే ముందు మనసులో వాక్యం కట్టుకోవాలి, అది కుదిరేలోపు పాఠం దాటిపోతుంది. పిల్లలు ఎందుకు అడగరని తల పట్టుకునే టీచర్లు ఈ ఒక్క సంగతి గమనించినా చాలా తేడా వస్తుందని నా నమ్మకం.

ఇప్పటికీ చాలా ఊళ్లలో రెండో తరగతి పిల్ల లేచి "రెండొకట్ల రెండు" అంటే గదంతా అందుకుంటుంది. ఆ పిల్లే ఎనిమిదో తరగతికి వచ్చేసరికి, సార్ "డౌట్లున్నాయా?" అని అడిగినప్పుడు తల దించుకుంటుంది.