జర్మనీలో ఆశ్రయం తిరస్కరణకు గురైనవారు ఉద్యోగం ఆధారంగా ఉండవచ్చా? అపోహలు - వాస్తవాలు

జర్మనీలో వలస చట్టాలపై సలహాలిచ్చే పనిలో ఉన్నందున, ఆశ్రయ దరఖాస్తు తిరస్కరణకు గురైనా ఉద్యోగం ఉంటే ఇక్కడే ఉండిపోవచ్చా అని తెలుగువారు నన్ను తరచుగా అడుగుతున్నారు. నివాస చట్టం 60డి సెక్షన్ కింద బెషెఫ్టిగుంగ్స్‌డుల్డుంగ్ అనే ఏర్పాటు (ఉద్యోగం ఆధారంగా ఇచ్చే డుల్డుంగ్, అంటే పంపివేతను తాత్కాలికంగా నిలిపివేయడం) 2020 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దేశం విడిచి వెళ్లవలసిన వ్యక్తి స్థిరంగా ఉద్యోగం చేస్తూ తన ఖర్చులు తానే భరిస్తుంటే, 30 నెలల పాటు పంపివేతను ఆపుతారు. అర్హులకు ఇది గొప్ప ఆసరా. అర్హత లేనివారికి దీని పేరు చెప్పి ఆశలు కల్పించడం మాత్రం అన్యాయం.

అపోహ: ఇప్పుడు వచ్చి ఆశ్రయం కోరి, ఏదో ఒక ఉద్యోగంలో చేరితే చాలు.

వాస్తవం: 2022 డిసెంబరు 31 నాటికే జర్మనీలో ప్రవేశించినవారికి మాత్రమే ఈ సెక్షన్ వర్తిస్తుంది. మొదట ఈ గడువు 2018 ఆగస్టు ఆరంభం వరకే ఉండేది. 2024 ఫిబ్రవరి సవరణ దానిని పొడిగించింది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఎవరైనా ఈ దారి గురించి మీకు ఇవాళ హామీ ఇస్తుంటే, ఆ హామీకి చట్టంలో చోటు లేదు.

అపోహ: డుల్డుంగ్ కూడా ఒక రకం వీసాయే.

వాస్తవం: కాదు. ఆ కాగితం మీద అడ్డంగా ఎర్ర గీత ఉంటుంది. ఇది నివాస అనుమతి కాదనీ, దీనిని కలిగి ఉన్న వ్యక్తి దేశం విడిచి వెళ్లవలసినవారేననీ దాని మీదే ముద్రించి ఉంటుంది. జర్మనీ సరిహద్దు దాటిన క్షణంలో అది రద్దవుతుంది కనుక, ఇంట్లో పెళ్లికో చావుకో వెళ్లి మళ్లీ దాని మీద తిరిగి రావడం కుదరదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ కుటుంబాన్ని స్వదేశం నుంచి రప్పించుకునే హక్కు కూడా దానితో రాదు.

అపోహ: పని చేస్తున్నామంటే చాలు, ఎలాంటి పనైనా లెక్కలోకి వస్తుంది.

వాస్తవం: కనీసం 12 నెలలుగా, వారానికి కనీసం 20 గంటలు, సామాజిక బీమా చెల్లింపులు ఉన్న ఉద్యోగం చేస్తూ ఉండాలి. 2024కు ముందు ఇది 18 నెలలు, సాధారణంగా 35 గంటలు. రెస్టారెంటు వంటగదిలో రోజంతా శ్రమించి, పేస్లిప్పులో మాత్రం మినీజాబ్ (తక్కువ జీతపు చిన్న పని) చూపి మిగతాది నగదుగా తీసుకున్నవారి కష్టం ఎంత నిజమైనా చట్టం ముందు నిలవదు. నా దగ్గరికి వచ్చినవారి పేస్లిప్పులో నేను మొదట చూసేది చేతికొచ్చిన మొత్తాన్ని కాదు. పెన్షను బీమా, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా కోతలు నెలనెలా ఉన్నాయా లేవా అని చూస్తాను. గత 12 నెలలుగా ఆ జీతంతోనే జీవనం సాగి ఉండాలి. మాట్లాడే జర్మన్ భాష ఏ2 స్థాయిలో (రోజువారీ సాధారణ సంభాషణకు సరిపడా) ఉండాలి.

అపోహ: తిరస్కరణ వచ్చిన మర్నాడే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వాస్తవం: అతి కష్టమైన ఘట్టం ఇదే. దరఖాస్తుకు ముందు కనీసం 12 నెలలు డుల్డుంగ్ మీద గడిచి ఉండాలి. ఆశ్రయ విచారణ నడుస్తున్న కాలంలో చేసిన ఉద్యోగం పని నెలల లెక్కకు ఉపకరిస్తుంది గాని, ఆ కాలం ఈ 12 నెలల్లో కలవదు. అంటే తిరస్కరణ ఖాయమయ్యాక ఒక ఏడాది పాటు, ఉద్యోగం ఎంత బాగా చేస్తున్నా, పంపివేత ముప్పు తలమీదే ఉంటుంది. ఆ ఏడాదిలో పని చేసుకుంటున్న మనుషులను పంపివేయడం ఆ చట్టం ఉద్దేశానికే విరుద్ధమని నా అభిప్రాయం.

అపోహ: పాస్‌పోర్టు చూపించకపోతే పంపలేరు, కాబట్టి దాచడమే మేలు.

వాస్తవం: ఈ సలహా వల్ల జరిగిన నష్టం నేను కళ్లారా చూశాను. గుర్తింపు తేలకుండా ఈ అనుమతి సాధారణంగా రాదు; 2017 నుంచి 2022 మధ్య వచ్చినవారికి అందుకున్న గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. అన్ని ప్రయత్నాలూ సకాలంలో చేసి, తమ తప్పు లేకుండా ఆలస్యమైనవారికి మినహాయింపు ఉంది. ఉద్దేశపూర్వకంగా గుర్తింపు దాచినవారికి 60బి కింద వేరే రకం డుల్డుంగ్ ఇస్తారు. దానితో ఉద్యోగం చేయడం నిషేధం, ఆ కాలం 12 నెలల లెక్కలోకీ రాదు. పైగా భారత్, జర్మనీ 2022 డిసెంబరు 5న సంతకం చేసిన వలస ఒప్పందంలో, అనుమతి లేకుండా ఉంటున్నవారిని తిరిగి స్వీకరించడమూ ఒక భాగమే.

అపోహ: ఉద్యోగం పోతే అన్నీ పోతాయి.

వాస్తవం: మన తప్పు లేని స్వల్పకాలిక విరామాలను లెక్కించరు. కాకపోతే యజమాని ఉద్యోగం ముగిసిన విషయాన్ని విదేశీయుల కార్యాలయానికి తెలపాలి కనుక, మీరే ముందుగా వెళ్లి చెప్పడం మంచిది.

అపోహ: 30 నెలల తర్వాత మళ్లీ మొదటికే.

వాస్తవం: షరతులన్నీ కొనసాగితే, ఆపైన 25బి సెక్షన్ కింద అసలైన నివాస అనుమతి ఇవ్వాలనే చట్టం చెబుతోంది.

అపోహ: స్టూడెంట్ వీసా ఇబ్బందుల్లో పడితే, ఆశ్రయ దరఖాస్తు సమయం సంపాదించి పెడుతుంది.

వాస్తవం: మొత్తం చెల్లుబాటు ఆరు నెలలు, అంతకంటే తక్కువ ఉన్న నివాస అనుమతి ఆశ్రయ దరఖాస్తు పెట్టగానే రద్దవుతుంది, అలాంటి అనుమతికి పొడిగింపు కోరినవారికి నిర్ణయం వచ్చే వరకు దొరికే తాత్కాలిక రక్షణ కూడా పోతుంది. తిరస్కరణ తర్వాత దేశం విడవకుండా వేరే అనుమతికి మారడం బహు కష్టం. స్వదేశంలో నిజంగా పీడన భయం ఉన్నవారు నిస్సంకోచంగా ఆశ్రయం కోరాలి, అది వారి హక్కు. చదువు పూర్తయి ఉద్యోగం దొరకకపోవడమే సమస్య అయితే, పట్టభద్రులకు ఉద్యోగ అన్వేషణ కోసం 18 నెలల వరకు అనుమతి ఉంది. ఉన్న అనుమతి గడువు ముగియకముందే దానికి దరఖాస్తు చేసుకోండి.